ఈ కొట్టు ఎవరిది?

పోయిన నెల మన స్కూల్లో జరిగిన మార్కెట్ డే ఫొటోలు ఈ సంచిక ఇంగ్లిష్ పేజీల్లో మీరు చూసే ఉంటారు. రంగు కాగితాలు, బెలూన్లు, డబ్బుల డబ్బా ముందు నవ్వుతున్న పిల్లలు. ఫొటోల్లో లేని సంగతి ఒకటి చెబుతాను. ఆ సాయంత్రం స్టాళ్లు తీసేశాక ఎనిమిదో తరగతి చదివే నలుగురు ఆడపిల్లలు మా ఇంటి హాల్లో కూర్చుని గంటన్నర సేపు పోట్లాడుకున్నారు. అందులో ఒకతి మా అమ్మాయి.

వాళ్లది నిమ్మ సోడా, మసాలా మజ్జిగ స్టాల్. ఒక పాప 600 రూపాయలు పెట్టింది. ఇంకో పాప 400. మా అమ్మాయి 200. నాలుగో పాప డబ్బు తేలేదు. ఇంట్లో మిక్సీ తెచ్చింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కౌంటర్ దగ్గరే నిలబడింది. పెట్టిన 1,200 పోను 960 రూపాయలు లాభం వచ్చింది.

"ఎవరెంత పెడితే అంత లెక్కన పంచుకోవాలి" అంది 600 పెట్టిన పాప. అలా అయితే 480, 320, 160. నాలుగో పాపకు సున్నా. "పని అంతా నేనే చేశాను కదా, కనీసం సమానంగా పంచండి" అంది ఆ పాప. అలా అయితే తలా 240. ఈ గొడవ తేలకముందే ఇంకో సంగతి బయటపడింది. మిక్సీ జార్ పగిలింది. కొత్తది 480 రూపాయలు. "మిక్సీ నీది కాబట్టి జార్ నువ్వే కొనుక్కో" అన్నారు మిగతావాళ్లు. లెక్క వేసి చూడండి. సమానంగా పంచినా సరే, రోజంతా నిలబడ్డ పిల్లకు చివరికి మిగిలేది 240 రూపాయల నష్టం.

నేను తీర్పు చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగాను. "ఈ కొట్టు ఎవరిది?" నలుగురూ ఒకేసారి "మాది" అన్నారు. "మాది అంటే ఎలా మీది?" అన్నాను. జవాబు లేదు.

పిల్లల్ని అని లాభం లేదు. నేను పదిహేనేళ్లుగా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. కోట్ల టర్నోవర్ చేసే పెద్దవాళ్లు కూడా ఇదే ప్రశ్నకు తడబడటం వారానికి ఒకసారైనా చూస్తాను. వ్యాపారం ఎవరిది, లాభం ఎవరికి, అప్పు ఎవరి నెత్తిన, నిర్ణయం ఎవరి చేతిలో అనే నాలుగు సంగతులు తెలియకుండానే సంతకాలు పెట్టేస్తారు. మన పిల్లలు అలా పెద్దవాళ్లు కాకూడదన్నదే నా మనవి. ఈ విషయం పదకొండో తరగతి కామర్స్ తీసుకున్న కొద్దిమందికే కాదు, ఎంపీసీ, బైపీసీ వైపు వెళ్లే పిల్లలకు కూడా హైస్కూల్లోనే నేర్పాలని నా అభిప్రాయం. ఎందుకు అంత పట్టుగా అంటున్నానో చెప్పాలంటే మా అమ్మ కథ చెప్పాలి.

అమ్మ పెట్టిన ఒక్క సంతకం

మా నాన్న ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఆయన స్నేహితుడొకాయన మా ఊళ్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు పెట్టాడు. నాన్న కొంత డబ్బు ఇచ్చాడు. ఉద్యోగస్తుడు వ్యాపారం చేయకూడదు కాబట్టి పత్రాల్లో అమ్మ పేరు రాయించారు. "సంతకం ఒక్కటే మాస్టారూ, మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నాడట ఆయన. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టి వెళ్లింది. ఆ కాగితాల్లో భాగస్వామ్య పత్రం ఉంది, మందుల కంపెనీకి ఇచ్చిన డీలర్‌షిప్ దరఖాస్తూ ఉంది.

రెండేళ్ల తర్వాత లెక్కల్లో తేడాలొచ్చి నాన్న తప్పుకున్నాడు. తప్పుకోవడం అంటే, ఒక రోజు సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్లి "ఇక మాకు సంబంధం లేదు" అని చెప్పి, ఇచ్చిన డబ్బులో సగం తెచ్చుకోవడం. కాగితం లేదు, నోటీసు లేదు. ఆ తర్వాత వరసగా పంటలు పోయాయి. రైతులు అరువు తీర్చలేదు, కొట్టు కంపెనీకి కట్టలేదు. మూడేళ్లకు కంపెనీ దావా వేసింది. నోటీసు అమ్మ పేరు మీద మా ఇంటికి వచ్చింది. స్నేహితుడు అప్పటికే ఊరు వదిలేశాడు. అక్క పెళ్లికని ఉంచిన స్థలం అమ్మి ఆ బాకీ కట్టాం.

"నేను ఆ కొట్టు గడప కూడా తొక్కలేదు కదే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నిజమే, తొక్కలేదు. కానీ చట్టం గడప సంగతి అడగదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ చేసిన అప్పుకు భాగస్వాములంతా కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడిగానూ బాధ్యులే. అంటే అప్పిచ్చినవాడు నలుగురిలో ఎవరు దొరికితే వాళ్ల దగ్గర మొత్తం అడగవచ్చు. ఆ ఒక్కరూ కట్టి, మిగతావాళ్ల వాటా తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. ఇక తప్పుకోవడం అంటారా, బయటివాళ్లకు తెలిసేలా బహిరంగ నోటీసు ఇస్తేనే ఆ తర్వాతి అప్పుల నుంచి బయటపడతారు. రిజిస్టరైన సంస్థ అయితే ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు తెలపాలి, గెజిట్‌లో, స్థానిక భాషా పత్రికలో వేయించాలి. అమ్మ ఒక భాగస్వామి అని ఆ కంపెనీకి దరఖాస్తు నాటి నుంచే తెలుసు. ఆమె తప్పుకున్నదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మోసం చేసినవాడి కథగా దీన్ని చెప్పడం తేలిక. నాకు మాత్రం ఇది ఒక తెలియనితనం కథ. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మా నాన్నకు, భాగస్వామ్యం అంటే వాటా మాత్రమే కాదు, పూచీ కూడా అని ఎవరూ చెప్పలేదు.

నాలుగు రకాల గడపలు

మన చుట్టూ ఉన్న వ్యాపారాలు చాలావరకు నాలుగు రకాలు. మొదటిది సొంత వ్యాపారం. వీధి చివర కిరాణా కొట్టు, టైలర్ షాపు, ట్యూషన్ సెంటర్. బోర్డు మీద ఏ పేరున్నా, చట్టం దృష్టిలో కొట్టు, యజమాని వేరు కాదు. ఆయన పాన్ నంబరే కొట్టు పాన్ నంబరు. లాభమంతా ఆయనదే. అప్పు తీరకపోతే ఆయన ఇల్లూ, బండీ కూడా జమే. పెట్టడం తేలిక, మూయడం తేలిక. చిన్నగా మొదలయ్యేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు, పూచీ ఎంతో తెలిస్తే చాలు.

రెండోది భాగస్వామ్యం. దీని సంగతి అమ్మ కథలో చూశారు. ఇంకో రెండు సంగతులు కలుపుతాను. లాభాల గురించి ఏమీ రాసుకోకపోతే, ఎవరెంత పెట్టారన్నదానితో పని లేకుండా లాభనష్టాలు సమానంగా పంచుకోవాలని చట్టం చెబుతుంది. అంటే మా హాల్లో జరిగిన గొడవలో నాలుగో పాప మాటే చట్టం మాట! రెండోది, వ్యాపారంలో పిల్లల పేరు పెట్టే తండ్రులు మనలో ఉన్నారు. మైనర్‌ను లాభాలకు మాత్రమే భాగస్వామిగా చేర్చుకోవచ్చు. అయితే ఆ పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాక, సంగతి తెలిసిన ఆరు నెలల్లోగా "నేను ఉండటం లేదు" అని నోటీసు ఇవ్వకపోతే పూర్తి భాగస్వాములైపోతారు. అప్పుడు బాకీలకు మీ అబ్బాయి కూడా పూచీ. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదివే పిల్లవాడికి ఈ మాట ఎవరు చెబుతారు?

మూడోది లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, వాడుకలో ఎల్ఎల్‌పీ. 2008 చట్టంతో మన దేశంలోకి వచ్చింది. కలిసి నడుపుకునే వెసులుబాటు భాగస్వామ్యంలాగే ఉంటుంది, కానీ ఒకరు చేసిన అప్పుకు ఇంకొకరి ఇల్లు పోదు. నాలుగోది కంపెనీ. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి.

కంపెనీ అంటే ఒక వేరే మనిషి

1890లలో లండన్‌లో సాలొమన్ అనే బూట్ల వ్యాపారి ఉండేవాడు. ఎన్నో ఏళ్లు సొంతంగా నడిపిన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టం ప్రకారం కంపెనీకి ఏడుగురు సభ్యులు కావాలి. ఆయన, భార్య, ఐదుగురు పిల్లలు, లెక్క సరిపోయింది. 20,007 షేర్లలో 20,001 ఆయనవే, మిగతా ఆరుగురివీ ఒక్కొక్కటి. కొంతకాలానికే కంపెనీ దివాలా తీసింది. "పేరుకు కంపెనీ, అసలు మనిషి ఈయనే కదా, ఈయన దగ్గరే వసూలు చేయాలి" అని కోర్టుకెక్కారు. కింది కోర్టులు ఔనన్నాయి. హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది. చట్టప్రకారం పుట్టిన కంపెనీ, దాన్ని పెట్టిన మనిషి, ఇద్దరూ వేరు. కంపెనీ అప్పు కంపెనీదే. ఈనాటికీ మన దేశంలో లా చదివే పిల్లలు మొదట చదివే తీర్పుల్లో అదొకటి.

'లిమిటెడ్' అనే మాటకు అర్థం అదే. షేరు కోసం మీరు ఒప్పుకున్న డబ్బు కట్టేస్తే మీ పూచీ అక్కడితో ఆగిపోతుంది. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు సభ్యులు చాలు, 200 మందికి మించకూడదు, షేర్లు కొనమని జనాన్ని పిలవకూడదు. పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు ఉండాలి. ఒక్కరే పెట్టుకునే ఏకవ్యక్తి కంపెనీ కూడా ఉంది. కనీస పెట్టుబడి ఇంత ఉండాలన్న నియమాన్ని 2015లో తీసేశారు.

ఈ గోడ లేకపోతే పెద్ద వ్యాపారాలే ఉండవు. అప్పు అయితే ఇల్లు పోతుందని భయపడే చోట ఎవరూ కొత్త ఫ్యాక్టరీకి పది వేలు పెట్టరు. ముక్కూ మొహం తెలియని లక్షలమంది తలా కొంచెం వేసి ఒక పెద్ద పని చేయగలిగేది ఈ ఏర్పాటు వల్లే.

అయితే గోడకు తలుపులున్నాయి, వాటిని మనమే తెరుస్తాం. చిన్న కంపెనీకి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు డైరెక్టర్ల సొంత హామీ అడుగుతుంది. ఆ కాగితం మీద సంతకం పడిందంటే ఆ అప్పుకు ఇల్లు మళ్లీ లెక్కలోకి వచ్చినట్టే. డైరెక్టర్ అన్న మాట కూడా అలాంటిదే. అది గౌరవం కోసం విజిటింగ్ కార్డు మీద వేసుకునే మాట కాదు, బాధ్యత. మూడేళ్లు వరసగా లెక్కల పత్రాలు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్లపాటు డైరెక్టర్లుగా ఉండటానికి పనికిరారు. 2017లో ఈ కారణంతో దేశంలో మూడు లక్షలమందికి పైగా డైరెక్టర్లను కేంద్ర ప్రభుత్వం అనర్హుల్ని చేసింది.

ఇలాంటి నోటీసులు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చినవాళ్లలో ఇల్లాళ్లను చూశాను, అత్తగార్లను చూశాను. "ఆయన పెట్టమంటే పెట్టాను" అనేదే అందరి మాట. తల్లులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ పేరు మీద ఏమేం ఉన్నాయో ఈ ఆదివారం కూర్చుని అడగండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్, భాగస్వామ్యం, డైరెక్టర్ పదవి, బ్యాంకు హామీ, ఏదైనా కావచ్చు. అడగడం అనుమానం కాదు. అడిగితే చెప్పడం కూడా నామోషీ కాదు.

యజమాని ఒకరు, నడిపేవారు ఒకరు

కంపెనీ లోపల ఎవరి పని ఏమిటో పిల్లలకు చెప్పడానికి నేను మా అపార్ట్‌మెంట్‌ను వాడుకుంటాను. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు యజమానులు, అంటే షేర్‌హోల్డర్లు. వాళ్లు ఏడాదికోసారి సమావేశమై కమిటీని ఎన్నుకుంటారు, అది బోర్డు. కమిటీ జీతమిచ్చి ఒక మేనేజర్‌ను పెడుతుంది, అతను సీఈవో. వాచ్‌మన్, లిఫ్ట్ మెకానిక్, క్లీనింగ్ వాళ్లు అతని కింద. లెక్కలు చూడటానికి బయటి మనిషి ఒకరు, ఆడిటర్. ఇప్పుడు ఊహించండి. కమిటీ ప్రెసిడెంట్ అందరి మెయింటెనెన్స్ డబ్బుతో తన బావమరిది స్థలం కొంటానంటే? పైగా ఆయనది వంద ఫ్లాట్లలో పది లోపే అయితే?

మన హైదరాబాద్ కంపెనీ సత్యంలో జరిగింది దాదాపు అదే. 1987లో పెట్టిన కంపెనీ పెరుగుతూ పెరుగుతూ దాదాపు 50 వేల మందికి ఉద్యోగమిచ్చింది. పెరిగే కొద్దీ షేర్లు జనం చేతికి వెళ్లాయి. 2008 చివరికి పెట్టిన కుటుంబం చేతిలో పదో వంతు కూడా మిగల్లేదు. అంటే కంపెనీలో తొంభై పాళ్లు బయటివాళ్లది. అయినా ఆ డిసెంబరులో, అదే కుటుంబానికి చెందిన మేటాస్ అనే రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు సరేనంది. ఆ బోర్డులో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఉన్నారు. షేర్‌హోల్డర్లు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖలో ఉంది.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రతి వీధిలోనూ ఒక సత్యం ఉద్యోగి, ఈఎంఐ కడుతున్న ఒక ఇల్లు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తప్పించి కొత్తవాళ్లను వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది, చాలా ఉద్యోగాలు నిలబడ్డాయి. 2015లో కోర్టు శిక్షలు వేసింది. అంతా అయ్యాక నాకు మిగిలిన పాఠం ఒకటే. పెట్టినవాడు వేరు, సొంతదారు వేరు. నేను పెట్టాను కాబట్టి నాదే అనుకోవడం, ఆయన పెట్టాడు కాబట్టి ఆయన ఇష్టం అని మిగతావాళ్లు ఊరుకోవడం, రెండూ కలిస్తేనే అంత పెద్ద తప్పు జరుగుతుంది. 'ఇది ఎవరిది?' అని బోర్డు గదిలో అడగాల్సినవాళ్లు అడగలేదు.

అందరిదీ అయినవి

యజమాని అంటే ఒక సేఠ్ లేదా ఒక కుటుంబం అని పిల్లలు అనుకుంటారు. అలా కానివీ మన దగ్గర చాలా ఉన్నాయి. పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లాలో, ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి నడుస్తోంది. రైతులే సభ్యులు, వాళ్లే సొంతదారులు. కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. సహకార సంఘంలో పదెకరాల రైతుకూ ఒక ఓటే, అరెకరం రైతుకూ ఒక ఓటే. అమూల్ వెన్న వెనక ఉన్నదీ ఇదే పద్ధతి. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల రైతులు కట్టుకున్న సంఘం అది. సహకార సంఘాలన్నీ బాగున్నాయని కాదు. సభ్యులు సమావేశాలకు రావడం మానేసిన చోట నలుగురి చేతిలో పడి పాడైనవి ఎన్నో. సొంతదారు కళ్లు మూసుకుంటే ఏ ఏర్పాటూ నిలవదు.

ఒకే సంస్థ చేతులు మారడం చూడాలంటే ఆంధ్రా బ్యాంకును చూడండి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి చొరవతో మచిలీపట్నంలో షేర్‌హోల్డర్ల బ్యాంకుగా పుట్టింది. 1980లో ప్రభుత్వం జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. చాలా ఊళ్లలో అదే భవనం, అదే కౌంటర్, యజమాని మాత్రం వేరు. ఎల్ఐసీ 1956 నుంచి 2022 దాకా పూర్తిగా ప్రభుత్వానిదే. 2022 మేలో మూడున్నర శాతం వాటాను జనానికి అమ్మారు. ఆ రోజుల్లో మా ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దాయన "నాకు మూడు పాలసీలు ఉన్నాయి, అంటే కంపెనీలో నాకూ వాటా ఉన్నట్టే కదమ్మా" అని అడిగారు. లేదండీ. పాలసీ అంటే మీకు రావాల్సిన డబ్బు. షేరు అంటే మీ సొంతం. మొదటిదానికి హామీ ఉంది, ఓటు లేదు. రెండోదానికి ఓటు ఉంది, హామీ లేదు. ఈ తేడా తెలియకే చాలామంది రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకుంటారు.

ఇక మన బడి ఎవరిది? అందరం 'కార్పొరేట్ స్కూల్' అనే అంటాం. కానీ సీబీఎస్ఈ గుర్తింపు నియమాల ప్రకారం ప్రైవేటు బడిని నడపాల్సింది రిజిస్టరైన సొసైటీ, ట్రస్టు, లేదా లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీ. వీటిలో షేర్ల మీద డివిడెండ్ తీసుకునేవాళ్లు ఉండరు. మిగులు ఉంటే అది చదువుకే తిరిగి ఖర్చు కావాలి. ఫీజు రసీదు మీద స్కూలు పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పేరును పిల్లల చేత చదివించండి. అది సొసైటీయా, ట్రస్టా అడగండి. మన స్కూలు ఈ పత్రికలోనే ఒక పేజీలో 'మన సంస్థ ఎలా నడుస్తుంది' అని వివరంగా రాస్తే, అంతకన్నా మంచి కామర్స్ పాఠం ఉండదు. ఫీజు కట్టే మనం సొంతదారులం కాకపోవచ్చు. అయినా అడిగే హక్కు ఉన్నవాళ్లం.

"ముందు ర్యాంకు రానివ్వండి" అనేవాళ్లకు

నాకు తెలుసు. పిల్లలకు ఫౌండేషన్ క్లాసులు, ఒలింపియాడ్‌లు, స్లిప్ టెస్టులు. ఇప్పుడు ఇదొకటా అంటారు. "మావాడు ఇంజినీర్ అవుతాడు, కంపెనీ గొడవలు వాడికెందుకు?" అని ఒక తండ్రి నాతోనే అన్నారు.

ఇంజినీర్ అయ్యాక వాడు చేరేది కంపెనీలోనే. స్టార్టప్‌లో చేరితే జీతం తగ్గించి "షేర్లు ఇస్తాం" అంటారు. ఎన్ని షేర్లలో ఎన్ని, ఎప్పటికి చేతికొస్తాయి, మధ్యలో మానేస్తే ఏమవుతాయి అని అడగడం తెలియాలి. స్నేహితుడు "నువ్వూ డైరెక్టర్‌గా ఉండరా" అంటే సంతోషపడే ముందు చదవడం తెలియాలి. డాక్టర్ అయితే నలుగురితో కలిసి ఆసుపత్రి పెడుతుంది. ముగ్గురు డాక్టర్లు, ఒక బిల్డింగ్ యజమాని, రెండు కోట్ల స్కానింగ్ మెషీన్ అప్పు. మా హాల్లో కూర్చున్న నలుగురు పిల్లల లెక్కే అది, సున్నాలు మాత్రమే ఎక్కువ. ఇదంతా నేర్పడానికి ఏడాదికి నాలుగు పీరియడ్లు చాలు. ర్యాంకు తగ్గదు.

ఇంకొందరు "ఇప్పటినుంచే పిల్లలకు కాగితాలు, షరతులు నేర్పితే స్నేహాలు ఏమవుతాయి?" అంటారు. నా అనుభవంలో స్నేహాలు పోయింది కాగితం రాసుకోక. రాసుకున్నందుకు పోయిన స్నేహం నేను చూడలేదు. మా నాన్న, ఆ స్నేహితుడు చనిపోయేదాకా మాట్లాడుకోలేదు.

స్కూలుకు ఒక మనవి. వచ్చే మార్కెట్ డేకి స్టాల్ కావాలంటే ప్రతి జట్టూ ముందుగా ఒక పేజీ ఒప్పందం రాసి తేవాలని పెట్టండి. ఎవరు ఏం పెడుతున్నారు, ఎవరు ఏ పని చేస్తారు, లాభం ఎలా పంచుకుంటారు, నష్టం వస్తే ఎలా, తెచ్చిన వస్తువు పాడైతే ఎవరిది. సోషల్ టీచర్ గారో, లెక్కల టీచర్ గారో రిజిస్ట్రార్. సంతకం లేనిదే స్టాల్ లేదు. ఒక జట్టు భాగస్వామ్యంగా, ఒక జట్టు కంపెనీగా, ఒక జట్టు సహకార సంఘంగా నడిపి చూడనివ్వండి. సాయంత్రానికి పుస్తకంలో లేని పాఠం వస్తుంది.

మా హాల్లో గొడవ ఎలా ముగిసిందో చెప్పలేదు కదూ. జార్ ఖర్చు స్టాల్ మీదే వేసుకున్నారు. 960లో 480 పోయింది, తలా 120. మూడుకు మూడు ఓట్లూ పడేదాకా ఇంకో అరగంట పట్టిందనుకోండి. తర్వాత నలుగురూ కూర్చుని వచ్చే ఏడాదికి ఒప్పందం రాసుకున్నారు, రూళ్ల కాగితం మీద, పదకొండు షరతులతో.

మా అమ్మ అప్పటిదాకా సోఫాలో కూర్చుని వింటోంది. కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం తీసుకుంది. మెల్లగా మొత్తం చదివింది. మా అమ్మాయి "బాగుందా అమ్మమ్మా?" అంది.

"బాగుంది. కానీ ఒకటి మర్చిపోయారు" అంది అమ్మ. "మధ్యలో తప్పుకోవాలంటే ఎలాగో రాయలేదు."

పిల్లలు పన్నెండో షరతు రాశారు.

(రచయిత్రి మన స్కూల్ ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి. ఈ వ్యాసంలోని అభిప్రాయాలు ఆమె సొంతం.)